బర్డ్ ఫ్లూ: చికెన్ మానేస్తే తీరిపోయే ముప్పు కాదు

2025 ఫిబ్రవరి రెండో వారంలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల ఫారాల నుంచి వెళ్లిన నమూనాల్లో బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఉందని భోపాల్‌లోని జంతు వ్యాధుల జాతీయ ల్యాబ్ తేల్చింది. వెనువెంటనే ఉంగుటూరు మండలం బాదంపూడి, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం పేర్లూ వినపడ్డాయి. నిజానికి అంతకు కొన్ని వారాల ముందు నుంచే గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చి షెడ్లు ఖాళీ అవుతున్నాయి. బెజవాడ, గుంటూరు జనం మాత్రం భోపాల్ మాట వచ్చాకే ఉలిక్కిపడ్డారు. ఉలిక్కిపడి చేసిన పని ఒక్కటే: ఆదివారం చికెన్ మానేసి మటన్ షాపుకో చేపల మార్కెట్‌కో వెళ్లడం. చికెన్ రేటు పడిపోయింది. భయం పోగొడతామంటూ చికెన్ మేళాలు పెట్టి వండిన కోడీ గుడ్లూ ఉచితంగా పంచితే, గుంటూరులో జనం ఎగబడ్డారు కూడా. వేసవి ముదిరేసరికి బర్డ్ ఫ్లూ మాటే మరుగున పడింది.

ఈ హడావుడి అంతా కంచం చుట్టూనే తిరిగింది. తినొచ్చా, తినకూడదా అన్నదానికి జవాబు ఏనాడో తేలిపోయింది. ముక్క లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఈ వైరస్ బతకదు. మన కోడికూర అంతకంటే ఎక్కువ వేడి మీదే ఉడుకుతుంది. మహమ్మారి ముప్పు లెక్క వేరు. పక్షుల వైరస్‌కు మనిషి ఒంట్లో, లేదా మనిషికి దగ్గరి జంతువు ఒంట్లో దిగి చూసే అవకాశం ఎన్నిసార్లు దొరుకుతోందన్నదే అక్కడ ప్రశ్న. ఆ అవకాశాలు షెడ్డులో, కోత బల్ల దగ్గర, చచ్చిన కోళ్లను మూటగట్టిన గోనెసంచిలో, బాతులు దిగిన వరి మడిలో పుడతాయి. చికెన్ అమ్మకాలు రెండు వారాలు పడిపోయినంత మాత్రాన అవేమీ తగ్గవు. కొన్ని పెరుగుతాయి కూడా.

లోపలికి రాగలిగింది, బయటికి పోలేకపోయింది

అసలు వార్త ఆ తర్వాత వచ్చింది. పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప తీవ్రమైన జ్వరం, ఆయాసంతో మంగళగిరి ఎయిమ్స్‌లో చేరి మార్చి 16న చనిపోయింది. హెచ్5ఎన్1 వల్లనేనని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నిర్ధారించింది. రాష్ట్రంలో ఈ వైరస్‌తో మనిషి చనిపోవడం అదే మొదలు. దేశంలో తొలి మరణం 2021లో, హరియాణాకు చెందిన పదకొండేళ్ల బాలుడిది. పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని కుటుంబ సభ్యులు చెప్పినట్టు అప్పట్లో అధికారులు తెలిపారు. ఇంట్లోవాళ్లనూ చుట్టుపక్కలవాళ్లనూ పరీక్షించారు. ఎవరికీ సోకలేదు.

ఆ ఒక్క కేసులోనే మొత్తం విషయం ఉంది. వైరస్ మనిషిలోకి రాగలిగింది, ప్రాణం తీయగలిగింది, పక్కవాళ్లకు మాత్రం అంటుకోలేకపోయింది. 1997లో హాంకాంగ్‌లో తొలిసారి 18 మందికి సోకి ఆరుగురిని బలిగొన్నప్పటి నుంచీ ఇదే కథ. 2003 తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోకి వచ్చిన కేసులు 2025 నాటికి 25 దేశాల్లో 990 దాకా ఉన్నాయి. 2004లో థాయ్‌లాండ్‌లో కూతురి నుంచి తల్లికి, 2006లో ఇండోనేషియాలో ఒక కుటుంబంలో మనిషి నుంచి మనిషికి సోకిన దాఖలాలున్నా, అవి ఇంటి గడప దగ్గరే ఆగిపోయాయి.

ఎందుకు ఆగుతోందో శాస్త్రవేత్తలకు చాలావరకు తెలుసు. ఫ్లూ వైరస్ తన ఒంటి మీది హెచ్ ప్రోటీన్‌తో కణం మీద ఉండే సయాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని లోపలికి దిగుతుంది. పక్షుల పేగుల్లో ఆ ఆమ్లం ఒక తీరుగా అతికి ఉంటుంది, మనిషి ముక్కు, గొంతుల్లో ఇంకో తీరుగా. పక్షి తీరుది మనిషి ఒంట్లో లేదని కాదు. ఉంది, కానీ ఊపిరితిత్తుల అడుగున, కంటి పొరల్లో. అందుకే హెచ్5ఎన్1 లోతుకు దిగితే న్యుమోనియా అంత భయంకరంగా ఉంటుంది. అంత లోతున ఉన్న వైరస్ దగ్గులో, తుమ్ములో పెద్ద మొత్తంలో బయటికి రాదు కాబట్టే పక్కవాడు బతికిపోతున్నాడు. అమెరికాలో పాడి ఆవుల దగ్గర పనిచేసి జబ్బుపడినవాళ్లలో ఎక్కువమందికి కళ్లకలక రావడానికి కారణమూ ఇదే: పాలు చింది కంట్లో పడ్డాయి.

పట్టు కుదిరితే చాలదు. పక్షి ఒంట్లో వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది, మనిషి ముక్కులో 33 దగ్గర. ఆ చల్లదనంలో తన నకళ్లు తీసుకోవడానికి వైరస్‌లోని పీబీ2 అనే భాగం కొంచెం మారాలి. ఈ మార్పు అంత అరుదు కాదు. మనిషికో క్షీరదానికో సోకిన కొద్ది రోజుల్లోనే కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. మూడోది, తుంపరలో గాలిలో తేలినంతసేపు హెచ్ ప్రోటీన్ చెదిరిపోకుండా నిలవాలి. ఈ మూడూ ఒకే వైరస్‌లో ఒకేసారి కుదరాలి. ఇన్నాళ్లుగా మనల్ని కాస్తున్నది అదే.

ఆ కాపలా ఎంత గట్టిదన్నది వేరే ప్రశ్న. నెదర్లాండ్స్‌లో రాన్ ఫూషియే, అమెరికాలో యోషిహిరో కవావోకా బృందాలు 2012లో ప్రచురించిన ప్రయోగాలు పెద్ద దుమారం రేపాయి. మనిషిలాగే తుమ్మే ఫెరెట్ అనే జంతువుల మధ్య హెచ్5 వైరస్ గాలి ద్వారా పాకడానికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మార్పులు చాలని అవి చూపాయి. 2024 డిసెంబరులో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ పరిశోధకులు ఇంకో మెట్టు దిగారు. ఆవుల్లో తిరుగుతున్న వైరస్ హెచ్ ప్రోటీన్‌లో 226వ స్థానం దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మారితే అది పక్షి పట్టు వదిలి మనిషి పట్టుకు మళ్లుతుందని ల్యాబ్‌లో తేల్చారు. ల్యాబ్‌లో పట్టు మారడానికీ ఊళ్లో జబ్బు పాకడానికీ చాలా దూరముంది. కాకపోతే ఆ దూరం పదేళ్ల కిందట అనుకున్నంత లేదు.

ఇదంతా వైరస్ జన్యువుల్లో ఒక్కో అక్షరం మారుతూ పోయే దారి. ఇంతకంటే దగ్గరి దారి ఒకటుంది. ఫ్లూ వైరస్ జన్యువులు ఎనిమిది విడి ముక్కలుగా ఉంటాయి. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు దిగితే, రెండు కట్టల పేకముక్కలు కలిపి పంచినట్టు, ఎనిమిది ముక్కల కొత్త చెయ్యి తయారవుతుంది. 1957లో అలా మూడు ముక్కలు, 1968లో రెండు ముక్కలు పక్షుల వైరస్ నుంచి మనుషుల వైరస్‌లోకి వచ్చిపడ్డాయి. రెండుసార్లూ మహమ్మారి వచ్చింది. 2009 నాటి హెచ్1ఎన్1 పందుల్లో అలా కలిసి పుట్టిందే. పంది గొంతులో రెండు తీర్ల పట్టూ ఉంటుంది. మన ఊళ్లలో మురుగు కాలువల పక్కన, చికెన్ షాపుల చెత్త మీద తిరిగే పందుల గురించి కార్పొరేషన్‌కు వెళ్లే ఫిర్యాదులన్నీ పారిశుధ్యం మీదే ఉంటాయి. ఫ్లూ కోణంలో వాటిని చూసినవాళ్లు తక్కువ.

కలిసే చోటు పందే కానక్కర్లేదు, మనిషీ కావచ్చు. షెడ్డులో చచ్చిన కోళ్లు ఎత్తే కూలీకి అదే వారం మామూలు ఫ్లూ జ్వరం కూడా ఉంటే చాలు. అందుకే కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లకు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించాలని చాలా దేశాలు సూచిస్తున్నాయి. అది హెచ్5ఎన్1ను ఆపదు, రెండు వైరస్‌లు ఒకే ఒంట్లో కలిసే సందర్భాలను తగ్గిస్తుంది. మన దగ్గర ఫ్లూ టీకా కార్పొరేట్ ఆసుపత్రిలో ఉన్నవాళ్లు వేయించుకునే సరుకుగానే మిగిలింది. షెడ్డు దాకా చేరలేదు.

సగం మంది చనిపోతారా?

నమోదైన కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. ఈ అంకె టీవీ తెరల మీద ఎర్రగా మెరుస్తుంటుంది. ఆసుపత్రి దాకా వచ్చి, పరీక్ష చేయించుకుని, లెక్కకెక్కినవాళ్లలో సగం అన్నది దాని అర్థం. జలుబులా వచ్చి పోయినవాళ్లు అందులో లేరు. 2024 నుంచి అమెరికాలో కార్మికులను వెతికి వెతికి పరీక్షిస్తే బయటపడిన 70 కేసుల్లో ఎక్కువ భాగం తేలికపాటివే. 2025 జనవరిలో లూసియానాలో ఒకరు చనిపోయారు, అది పెరటి కోళ్ల నుంచో అడవి పక్షుల నుంచో వచ్చిన వైరస్. పైగా మనుషుల్లో పాకేలా మారిన వైరస్ ఇంతే ప్రాణాంతకంగా ఉండాలన్న నియమమేమీ లేదు.

అలాగని ఊపిరి పీల్చుకునే లెక్కా కాదు ఇది. 1918 ఫ్లూ సోకినవాళ్లలో చనిపోయింది నూటికి రెండు మూడు మందేనని ఒక అంచనా. ఆ ఫ్లూతోనే అప్పటి బ్రిటిష్ ఇండియాలో కోటి మందికి పైగా పోయారు. యాభై శాతం అక్కర్లేదు, ఒకటో రెండో శాతం చాలు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం అన్నదానిలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. చిన్నప్పుడు తొలిసారి ఏ ఫ్లూ సోకిందో దాని ముద్ర జీవితాంతం ఉంటుందని, 1968కి ముందు పుట్టినవాళ్లు హెచ్5కు దగ్గరి బంధువులైన హెచ్1, హెచ్2 రకాలతో మొదలుపెట్టారు కాబట్టి వాళ్లకు కొంత రక్షణ ఉందని 2016లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. కోవిడ్ పెద్దవాళ్లను ఎక్కువగా తీసుకుపోయింది. ఇది వస్తే వయసులో ఉన్నవాళ్లను, పిల్లలను వెతుక్కోవచ్చు.

క్షీరదాల గుంపులోకి

ఇరవై ఏళ్లుగా ఉన్నదే కదా, ఇప్పుడెందుకింత అని అడిగేవాళ్లకు జవాబు 2020 తర్వాతి పరిణామాల్లో ఉంది. హెచ్5ఎన్1లో 2.3.4.4బి అనే శాఖ అడవి పక్షుల ద్వారా ఖండాలు దాటింది. 2022 అక్టోబరులో స్పెయిన్‌లోని గలీషియాలో, బొచ్చు కోసం మింక్ అనే జంతువులను పెంచే ఫారం ఒకటి మొత్తం దానికి బలైంది. 2023లో అర్జెంటీనా వాల్డెస్ తీరంలో ఏనుగు సీళ్ల పిల్లలు 17 వేలకు పైగా చనిపోయాయి. పక్షిని తిన్న నక్క చావడం పాత కథే. ఈ రెండు చోట్లా మాత్రం క్షీరదం నుంచి క్షీరదానికే పాకినట్టు గట్టి ఆనవాళ్లు దొరికాయి. మన పక్కనే నాగ్‌పూర్ గోరెవాడ వన్యప్రాణుల కేంద్రంలో 2024 చివర్లో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1తో చనిపోయాయి.

2024 మార్చిలో టెక్సస్, కాన్సస్ పాడి ఆవుల్లో వైరస్ కనిపించినప్పుడు ఎవరూ నమ్మలేదు. ఆవులకు ఫ్లూ ఏమిటి? కానీ అది పొదుగులో స్థిరపడింది, పాల యంత్రాల ద్వారా ఆవు నుంచి ఆవుకు పాకింది, వెయ్యికి పైగా మందలను చుట్టేసింది. పచ్చి పాలు తాగిన పెంపుడు పిల్లులు చచ్చిపోయాయి. ఈ ఒక్క విషయంలో మనకు కాస్త అదృష్టం ఉంది. పాలు కాచకుండా తాగే ఇల్లు తెలుగునాట దాదాపు లేదు. జున్నుపాలు కూడా ఆవిరి మీద ఉడికాకే గిన్నె దిగుతాయి. కాకపోతే పాలు పితికే మనిషి చేతులు, కళ్లు కాచిన పాల దగ్గర లేవు, పొదుగు దగ్గర ఉన్నాయి.

డెల్టా ఎందుకు ముఖ్యం

థాయ్‌లాండ్, వియత్నాంలలో 2004–05లో వైరస్ ఎక్కడెక్కడ చెలరేగిందో పటం గీసి చూసినప్పుడు పరిశోధకులకు ఒక వింత కనిపించింది. పెద్ద కోళ్ల ఫారాలున్న చోట్ల కంటే, ఏటా రెండు మూడు వరి పంటలు పండి, కోసిన మడుల్లో బాతుల మందలు మేసే చోట్ల ముప్పు ఎక్కువగా ఉంది. వరి, బాతులు, కిక్కిరిసిన జనం: ఈ మూడూ కలిసిన చోటే వైరస్ నిలదొక్కుకుంది. బాతుకు వైరస్ సోకినా చాలాసార్లు జబ్బు కనిపించదు. తింటుంది, తిరుగుతుంది, రెట్ట వేస్తుంది. కోడి చచ్చి హెచ్చరిస్తుంది, బాతు బతికి మోసుకెళ్తుంది.

ఆ పటంలో చెప్పిన లక్షణాలు కృష్ణా డెల్టాకు ఒక్కటీ తప్పకుండా సరిపోతాయి. డిసెంబరులో కోతలు ముగిశాక పరిగె గింజల కోసం బాతుల మందలు మడి నుంచి మడికి, ఊరు నుంచి ఊరికి సాగుతాయి. అదే నెలల్లో మధ్య ఆసియా నుంచి దిగే వలస బాతులతో కొల్లేరు నిండుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు కాపురం పెడతాయి. వలస పక్షులే దోషులని తేల్చేస్తే కథ సులువుగా ముగుస్తుంది, కానీ అవి షెడ్డు తలుపు తీసుకుని లోపలికి రావు. చెరువు నుంచి షెడ్డుకు వైరస్‌ను చేర్చేది చెప్పుల బురద, తడిసిన మేత, గట్టు మీది కాకి, వ్యాన్ చక్రం. గుడ్ల అట్టల సంగతి అందరికీ తెలిసీ ఎవరూ పట్టించుకోనిది. దేశంలో పండే గుడ్లలో సుమారు ఆరో వంతు ఆంధ్రప్రదేశ్‌వే. లారీలు ఒడిశా, బెంగాల్ మార్కెట్ల దాకా వెళ్తాయి. అక్కడ దింపిన అట్టలు ఖాళీగా తిరిగొచ్చి ఇంకో ఫారం గుడ్లకు వాడితే, మధ్యలో అవి ఎక్కడెక్కడ ఎవరి గుడ్లతో కలిశాయో ఎవరికీ తెలియదు. కాగితపు అట్టను కడగడం కుదరదు, కాల్చేయాలి. దానికి ఖర్చవుతుంది.

చికెన్ షాపు వ్యర్థాలది ఇంకో దారి. బెజవాడ, గుంటూరు షాపుల్లో ఆదివారం మధ్యాహ్నానికి డ్రమ్ములు నిండుతాయి. పేగులు, తలలు, ఈకలు. నిషేధం ఉన్నా ఇవి రాత్రిపూట వ్యాన్లలో కొల్లేరు చుట్టూ ఉన్న క్యాట్‌ఫిష్ చెరువులకు చేరుతున్నాయని ఏటా వార్తలొస్తాయి, నాలుగు వ్యాన్లు పట్టుబడతాయి, మళ్లీ మామూలే. చేపకు ఈ వైరస్ సోకదు కాబట్టి ఇబ్బందేమిటని అడగొచ్చు. ఇబ్బంది చేపతో కాదు. ఆ చెరువు నీటిలోనే అడవి బాతులు దిగుతాయి, గట్టు మీద కుక్కలు, కాకులు పేగులు లాగుతాయి. షెడ్డు నుంచి చెరువుకు, చెరువు నుంచి పక్షికి, పక్షి నుంచి మళ్లీ షెడ్డుకు తిరిగే చుట్టును ఆ వ్యాన్ పూర్తి చేస్తుంది. దేశంలో 2021 నాటి హెచ్5ఎన్8 రకం బర్డ్ ఫ్లూ తొలి ఆనవాళ్లలో ఒకటి రాజస్థాన్ ఝాలావాడ్‌లో రాలిపడిన కాకులు.

కోత బల్ల దగ్గర ఏం జరుగుతుందో రోజూ చూస్తూనే ఉంటాం. కోడి గొంతు కోసి డ్రమ్ములో వేస్తారు, అది లోపల కొట్టుకుంటుంది, నెత్తురూ రెట్టా తుంపరలై లేస్తాయి. వేడినీళ్లలో ముంచి ఈకలు తీసే యంత్రంలో వేస్తే ఇంకో జల్లు. కోసే కుర్రాడి చేతికి తొడుగు ఉండదు, ముఖానికి మాస్కు ఉండదు, బల్లకు ఇవతల నాలుగడుగుల దూరంలో కొనేవాళ్లు. ఇది మామూలు విషయమని కొట్టిపారేసేవాళ్లు చైనా అనుభవం చూడాలి. 2013లో మొదలైన హెచ్7ఎన్9 రకం 1,500కు పైగా మందికి సోకి 600కు పైగా ప్రాణాలు తీసింది. తొలి ఏళ్లలో కోళ్లకు జబ్బే కనిపించలేదు, ఏ షెడ్డూ హెచ్చరించలేదు. జనానికి ఎక్కువగా అంటుకున్నది బతికున్న కోళ్లను అమ్మి కోసే మార్కెట్లలో. ఆ మార్కెట్లు మూసిన నగరాల్లో కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. 2017లో కోళ్లకు టీకా వేయడం మొదలయ్యాక దాదాపు ఆగిపోయాయి. బెజవాడలో కోత దుకాణాలు మూసేయాలని ఎవరూ అనరు, కళ్లముందు కోసిన కోడి తప్ప నమ్మని జనం మనం. తొడుగులు, కళ్లద్దాలు, రోజూ కడిగే బల్ల, మూతపడే డ్రమ్ము అడగడం మాత్రం గొంతెమ్మ కోరిక కాదు.

సంక్రాంతి సంగతి చెప్పకుండా డెల్టా లెక్క పూర్తి కాదు. వైరస్‌కు అనువైన చలి నెలలో, ఈడుపుగల్లు, అంపాపురం లాంటి బరుల్లోకి ఎన్నో జిల్లాల కోళ్లు ఒక్కచోట చేరతాయి. పందెం కోడిని ఒళ్లో పెట్టుకుని నెమురుతారు, నోట్లో నీళ్లు పోసుకుని దాని ముఖం మీద చిమ్ముతారు, గాయం అయితే చేత్తో అదిమి కుడతారు. ఓడిన కోడి, అదే కోజ, ఎవరింటికో కూరకు వెళ్తుంది, గెలిచినది వచ్చిన ఊరికి తిరిగి పోతుంది. థాయ్‌లాండ్‌లో 2004లో వైరస్ ఊళ్లు దాటడానికి పందెం కోళ్ల ప్రయాణాలు ఒక కారణమని తేలాక అక్కడి ప్రభుత్వం కోళ్లకు పాస్‌పోర్టులు ఇచ్చింది: ఏ కోడి, ఎక్కడిది, పరీక్ష ఎప్పుడైంది. అక్కడ పందెం చట్టబద్ధం కాబట్టి అది కుదిరింది. ఇక్కడ చట్టం ప్రకారం పందెమే లేదు, అందుకని నిఘాకు కోడీ లేదు. మూడు రోజులు అందరి కళ్లముందూ జరిగేదానికి కాగితం మీద ఉనికి లేకపోవడం వల్ల పశువైద్యుడు బరి దగ్గరకు పోయి నమూనా తీయలేడు.

రైతు ఎందుకు చెప్పడు

ఇన్ని దారుల్లోనూ వైరస్‌ను తొందరగా పట్టగలిగినవాడు ఒక్కడే, షెడ్డు యజమాని. ఉదయం షెడ్డులోకి వెళ్లి చచ్చినవాటిని ఏరేది ఆయన మనుషులే. మొదట్లో కోళ్లకు మామూలుగా వచ్చే కొక్కెర తెగులు (రాణీఖేత్) అనుకోవడం సహజం. అదే తూలడం, అదే పచ్చటి విరేచనం, అదే ఆయాసం. టీకా సరిగ్గా పడలేదేమో అనుకుంటూ రెండు రోజులు గడుస్తాయి. మూడో రోజుకు అనుమానం బలపడుతుంది. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. చుట్టూ కిలోమీటరు పరిధిలో కోళ్లన్నీ చంపేస్తారు, పది కిలోమీటర్ల దాకా రాకపోకలు, అమ్మకాల మీద ఆంక్షలు పెడతారు. పరిహారం కేంద్రం, రాష్ట్రం చెరి సగం ఇస్తాయి, అదీ అధికారులు చంపిన కోళ్లకే. అప్పటికే చచ్చినవాటికి రాదు. శుద్ధి, నిఘా పూర్తయి అనుమతి వచ్చేదాకా కొత్త పిల్లలను దించకూడదు, అది నెలల మాట. బ్యాంకు వాయిదా, మేత కంపెనీ బాకీ అన్ని నెలలు ఆగవు. పక్క ఫారం వాళ్లతో జీవితకాలపు పగ ఉచితం.

చెప్పకపోతే? బాగున్నట్టు కనిపించే కోళ్లను రాత్రికి రాత్రి లారీ ఎక్కించొచ్చు. చచ్చినవాటిని గోతిలోనో కాలువలోనో పడేయొచ్చు. జనం చికెన్ మానేసి రేటు పడిపోతున్న కొద్దీ ఈ తొందర ఇంకా పెరుగుతుంది. వినియోగదారుడి భయం వైరస్‌ను ఆపకపోగా దాన్ని రోడ్డెక్కించేది ఇక్కడే. ఒక్క రైతు నిజాయితీ మీద ఇంత బరువు పెట్టి, నిజాయితీకి జరిమానా వేసే పద్ధతి ఇది. చచ్చిన కోళ్లకూ, ముందుగా చెప్పినందుకూ కొంత కట్టిస్తే అయ్యే ఖర్చు, ఆలస్యంగా తెలిసి రెండు మూడు జిల్లాల్లో షెడ్లు ఖాళీ చేయించే ఖర్చు ముందు ఏపాటిది?

టీకా మాటకొస్తే, చైనా చాలాకాలంగా కోళ్లకు వేస్తోంది, ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి ఫారం బాతులకు వేస్తోంది. మన దేశం తక్కువ తీవ్రత గల హెచ్9ఎన్2కు టీకా అనుమతించినా, హెచ్5ఎన్1కు మాత్రం చంపి అరికట్టే దారినే ఉంది. టీకా వేస్తే కోడి చావదు, వైరస్ మాత్రం లోపల సన్నగా తిరుగుతూ ఉండొచ్చు, చావులనే గుర్తుగా పెట్టుకున్న నిఘా గుడ్డిదవుతుంది. ఎగుమతులకూ చిక్కే. నిరంతర పరీక్షలు చేయగల వ్యవస్థ ఉన్నవాళ్లకే టీకా లాభం.

ఎండలు ముదిరితే వైరస్ చస్తుందిలే అన్న మాట ప్రతి ఫిబ్రవరిలో వినిపిస్తుంది. సగం నిజం. కోడి రెట్టలో ఈ వైరస్ నాలుగు డిగ్రీల దగ్గర ముప్పై అయిదు రోజులు, 37 డిగ్రీల దగ్గర ఆరు రోజులు నిలుస్తుంది. కాబట్టి బెజవాడ మే నెల దానికి కష్టకాలమే. కానీ ఆరు రోజులు ఒక లారీ అస్సాం వెళ్లడానికి సరిపడా సమయం. అదీకాక, కోడి ఒంట్లో 41 డిగ్రీల దగ్గరే హాయిగా పెరిగే వైరస్‌కు బయటి ఎండ అడ్డమయ్యేది ఒంటి బయట ఉన్నప్పుడే.

రెండో కేసు, పదో కేసు

ప్రపంచ ఆరోగ్య సంస్థ దృష్టిలో మామూలు జనానికి ఇప్పటికి ముప్పు తక్కువే. కోళ్లతో, జబ్బుపడిన జంతువులతో పనిచేసేవాళ్లకు తక్కువ నుంచి ఓ మోస్తరు. ఈ అంచనా ఇవాళ్టి వైరస్ గురించి. మారిన వైరస్ వస్తే ఎంత వ్యవధి ఉంటుందో అశోకా విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ చెరియన్, గౌతమ్ మీనన్ కంప్యూటర్ నమూనా వేసి చూశారు. వాళ్లు ఎంచుకున్న చోటు తమిళనాడులోని నామక్కల్, మన గోదావరి జిల్లాల్లాగే గుడ్లకు పేరున్న ప్రాంతం. 2025లో వచ్చిన ఆ ఫలితం సూటిగా ఉంది. మనుషుల్లో రెండు కేసులు తేలగానే ఆ ఇళ్లవాళ్లను విడిగా ఉంచితే దాదాపు ఖాయంగా అదుపు చేయొచ్చు. పది కేసులు తేలేదాకా ఆగితే అప్పటికే చేయి దాటిపోయే అవకాశమే ఎక్కువ.

పల్నాడు పాప కేసు ఒకటో కేసు దగ్గరే పట్టుబడింది. పరీక్ష చేసి, అక్కడితో వదలకుండా నమూనాను పుణె దాకా పంపే ఆసుపత్రికి చేరింది కాబట్టి. అదే పాప చిన్న ఊళ్లో నర్సింగ్‌హోమ్‌కో ఆర్ఎంపీ దగ్గరకో వెళ్లి ఉంటే కాగితం మీద న్యుమోనియా అని పడేది. కోళ్ల ఫారాల్లో చచ్చిన కోళ్లు ఎత్తే పని చాలాచోట్ల వలస కూలీలది. వాళ్లకు జ్వరం వస్తే వెళ్లేది మందుల షాపుకు. ఒసెల్టామివిర్ మాత్ర ఈ వైరస్‌పైనా పనిచేస్తుంది, లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది. మందుల షాపు కౌంటర్ దగ్గర ఇచ్చేది మాత్రం పారాసిటమాల్, ఒక యాంటీబయాటిక్.

చలికాలంలో ఆయాసంతో వచ్చిన రోగిని ‘ఇంట్లో కోళ్లున్నాయా, ఈమధ్య ఏవైనా చచ్చాయా, ఏం పని చేస్తావు’ అని అడగడానికి అర నిమిషం పడుతుంది. అవునన్నవాళ్ల గొంతు నమూనాను మెడికల్ కాలేజీ వైరాలజీ ల్యాబ్‌కు పంపితే బర్డ్ ఫ్లూ కూడా చెందిన ‘ఇన్‌ఫ్లుయెంజా ఏ’ రకం ఉందో లేదో తేలుతుంది. ఉండి, మామూలు హెచ్1, హెచ్3 రకాల్లో దేనికీ చెందనిదైతే అది పుణె వెళ్లాలి. ఇదే సమయంలో పశుసంవర్ధక శాఖ దగ్గర ఫలానా మండలంలో షెడ్లు ఖాళీ అవుతున్నాయన్న సమాచారం ఉంటే, అది ఆ మండలం పీహెచ్‌సీ డాక్టరుకూ, ఆ చుట్టుపక్కల నర్సింగ్‌హోమ్‌లకూ అదే రోజు చేరాలి. 2025లో చావులు మొదలవడానికీ భోపాల్ ఫలితం రావడానికీ మధ్య వారాలు గడిచాయి. ఆ వారాల్లో ఆ షెడ్లలో పనిచేసి జ్వరంతో పడుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లను ఆ ప్రశ్న అడిగే కారణం ఏ డాక్టరుకూ లేదు.